సినిమా చూసి ఫారిన్ ట్రిప్పా? స్విట్జర్లాండ్, జార్జియా, స్పెయిన్, థాయిలాండ్... ఎవరికి ఏది సెట్ అవుద్ది

మన సైడ్ ఫారిన్ ట్రిప్ ఆలోచన చాలామందికి సినిమా హాల్లోనే పుడుతుంది. సూళ్లూరుపేటలో 100 అడుగులు దాటిన వెడల్పు స్క్రీన్ వచ్చినాక నెల్లూరు, నాయుడుపేట కుర్రోళ్లకి ఇది ఇంకా ముదిరింది. ఆ హాలు 2019లో సాహోతోనే మొదలైంది, అబుదాబిలో తీసిన ఛేజింగులు అంత సైజులో చూసినోడు బయటికొచ్చి బైక్ స్టార్ట్ చేసేలోపే "దుబాయ్ పోదాం రా" అంటాడు, అబుదాబి వేరు దుబాయ్ వేరు అనేది వాడికి అప్పుడు పట్టదు.

సినిమా చూసి ఊరు ఎంచుకోవడంలో నాకేం తప్పు కనపడదు, ట్రావెల్ ఏజెంట్ బ్రోచర్ చూసి ఎంచుకునే దానికన్నా ఇదే నయం, కనీసం మనకి నచ్చింది ఒకటైనా అందులో ఉంటుంది. కాకపోతే నచ్చింది ఏందో తేల్చుకోకుండా టికెట్లు కొట్టేస్తారు, అక్కడ తేడా కొడుతుంది. నా లెక్క సింపుల్: సినిమాలో చూపించిన దేశాన్ని కాదు, ఆ సినిమాలో నిన్ను పట్టుకున్న దాన్ని బట్టి దేశాన్ని సెలెక్ట్ చేసుకోవాలి. కొండలు నచ్చాయా, వాళ్లు చేసిన పని (డైవింగ్, టమాటాల కొట్లాట, రోడ్ ట్రిప్) నచ్చిందా, కథ మీద పిచ్చా, లేకపోతే ఆ మూడ్ నచ్చిందా. మొదటి మూడింటికీ టికెట్ దొరుకుతుంది. నాలుగోదానికి దొరకదు, ఎందుకంటే ఆ మూడ్ తెల్లవారుజామున పర్మిషన్ తీసుకోని రోడ్డు ఖాళీ చేపించి, డ్రోన్ ఎగరేసి, తర్వాత స్టూడియోలో రంగులు దిద్ది, వెనక పాట వేస్తే వచ్చింది. నువ్వు పొయ్యేసరికి అదే రోడ్డు మీద నీలాంటోళ్లు రెండొందల మంది సెల్ఫీ కర్రలతో ఉంటారు.

ముందు అది నిజంగా అక్కడే తీశారా చూడండి

ఇది చాలామంది చెక్ చెయ్యరు. రోబోలో కిలిమంజారో పాట ఉంది కదా, కిలిమంజారో అనేది టాంజానియాలో ఉండే 5,895 మీటర్ల కొండ, పాట తీసింది మాత్రం పెరూలోని మాచుపిచ్చులో, అంటే ఆఫ్రికా పేరు పెట్టి దక్షిణ అమెరికాలో తీశారు. పాట చూసి మనసు పడి టాంజానియాకి టికెట్ వేస్తే పాటలో చూసిన ఆ రాతి మెట్ల గోడలు ఒక్కటి కూడా కనపడదు. క్రేజీ రిచ్ ఏషియన్స్ అని 2018లో హాలీవుడ్ సినిమా వచ్చింది, కథంతా సింగపూర్‌ది, కానీ అందులో ఆ పెద్ద బంగళా కౌలాలంపూర్‌లోది, మాజాంగ్ ఆట సీను పెనాంగ్‌లో నీలం రంగు పాత భవంతిలో తీశారు, రెండూ మలేషియానే. రాధేశ్యామ్ ఇటలీ కథ, కొంత ఇటలీలో, కొంత జార్జియాలో తీశారు, తర్వాత కరోనా వల్ల మిగతాదానికి హైదరాబాద్‌లో సెట్లు వేశారు. నాటు నాటు తీసిన ప్యాలెస్ ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో ఉండాది, 2021 ఆగస్టులో తీశారు, ఆర్నెల్లకి యుద్ధం వచ్చిపడింది, ఆ ప్లేస్ ఇప్పట్లో లిస్టులో పెట్టుకునే పని లేదు.

తెలుసుకోడానికి పెద్ద కష్టం ఏం లేదు. సినిమా అయిపోగానే లేచి బయటికి పరిగెత్తకుండా చివర పడే పేర్లు చూడండి, ఏ దేశం లైన్ ప్రొడ్యూసరు, ఏ ఊరి ఫిల్మ్ కమిషన్‌కి థాంక్స్ చెప్పారు అనేది అక్కడ పడుతుంది. ఓటీటీలో అయితే పాజ్ కొట్టి చదవచ్చు. ఆ పేరు పట్టుకోని మ్యాప్స్‌లో స్ట్రీట్ వ్యూ తెరిస్తే డ్రోన్ లేని, రంగులు దిద్దని అసలు రోడ్డు కనపడుతుంది, అది చూసినాక కూడా పోవాలనిపిస్తే అప్పుడు డబ్బుల సంగతి ఆలోచించండి. ఇంకో మాట, సినిమావాళ్లు ఒక దేశం ఎంచుకునేది అందం ఒక్కటే చూసి కాదు, అక్కడ పెట్టిన ఖర్చులో కొంత వెనక్కిచ్చే స్కీములు ఉంటాయి, సాహో టైముకి అబుదాబిలో 30 శాతం దాకా ఇచ్చే పద్ధతి ఉంది. మనకి ఎవడూ రూపాయి వెనక్కియ్యడు కాబట్టి ప్రొడ్యూసర్ లెక్క మన లెక్క కాదు.

కొండలు, మంచు: స్విట్జర్లాండా, జార్జియానా

మా చిన్నాన్న కొడుకు పెళ్లి కుదిరినప్పటి నుంచీ "అన్నా, స్విట్జర్లాండే" అని ఒకటే పాట. వాడొక్కడే కాదులే, 1995లో దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే (డీడీఎల్‌జే) వచ్చినప్పటి నుంచీ ఇండియాలో సగం హనీమూన్లు మనసులో అక్కడే జరుగుతుండాయి. దాని సీన్లు జానెన్, గ్‌స్టాడ్, జ్వైజిమ్మెన్ వైపు తీశారు, మూడూ ఒకదానికొకటి దగ్గరే, రైలు ఎక్కితే ఒక్క రోజులో చూసి రావచ్చు. ఇంటర్‌లాకెన్‌లో యశ్ చోప్రా విగ్రహం పెట్టారు 2016లో, ఒక దేశం మన డైరెక్టర్‌కి విగ్రహం పెట్టిందంటే మనోళ్లు ఎంతమంది అక్కడికి ఎగబడి ఉంటారో మీరే లెక్కేసుకోండి. యుంగ్‌ఫ్రావ్‌యోహ్ అని 3,454 మీటర్ల ఎత్తులో రైల్వే స్టేషన్ ఉంది, 1912 నుంచి నడుస్తుంది, పైన బాలీవుడ్ పేరుతో ఇండియన్ రెస్టారెంటు కూడా ఉండాది. మంచులో నిలబడి పప్పన్నం తినొచ్చు, కాకపోతే బిల్లు చూసినాక పప్పు రుచి మర్చిపోతారు.

స్విట్జర్లాండ్‌కి ఉన్న అసలు బలం సీనరీ కాదు నన్నడిగితే, సీనరీ వేరే చోట కూడా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మని కూడా ఒక్క మెట్టు ఎక్కించకుండా మంచు దాకా తీసుకపోవచ్చు, అదీ దాని బలం. రైలు దిగితే ఎదురుగా బస్సు, బస్సు దిగితే పడవ, టైం అంటే టైం. స్విస్ ట్రావెల్ పాస్ తీసుకుంటే రైళ్లు, బస్సులు, సరస్సు పడవలు అన్నీ అందులోనే వస్తాయి, కానీ యుంగ్‌ఫ్రావ్‌యోహ్‌కి మాత్రం డిస్కౌంటే, ఫ్రీ కాదు, దీన్ని ఏజెంట్లు ఫాస్ట్‌గా చెప్పేసి దాటేస్తారు, మీరే అడగండి. అక్కడ మంటలు లేచేది తిండి ఖర్చు. అందుకే హోటల్ కన్నా కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, బియ్యం, కందిపొడి, చింతపండు పులుసు తీసుకపోతే నాలుగు పూటలు గడుస్తాయి. మటన్ పచ్చడి, నెయ్యి డబ్బా, పాలకోవా మాత్రం ఇంట్లో పెట్టిపోండి, మాంసం, పాల పదార్థాలు మన దేశం నుంచి తేనియ్యరు. ఎండాకాలంలో పోతుంటే ఉలవపాడు మామిడిపండ్లు కూడా బ్యాగులో పెట్టుకోవద్దు, పచ్చి పండ్లకి రూల్స్ వేరే. తాండ్ర పెట్టుకోండి.

కొరియన్ డ్రామాలు చూసే ఆడపిల్లలు ఉంటే ఇజెల్ట్‌వాల్డ్ అనే ఊరు అడుగుతారు, క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూలో హీరో సరస్సు పక్కన పియానో వాయించిన చెక్క రేవు. చిన్న పల్లెటూరు, జనం ఎక్కువైపోయి 2023లో ఆ రేవు ముందు గేటు పెట్టి మనిషికి 5 ఫ్రాంకులు వసూలు చెయ్యడం మొదలుపెట్టారు. రేవు మీద నిలబడాలంటే కాసు వెయ్యాలి, గేటు తిరుగుద్ది, నాలుగు అడుగులు వేసి ఫోటో దిగి రావాలి, వెనక క్యూ ఉంటుంది. పియానో ఉండదు. ఒడ్డున కూర్చోని సరస్సు చూడ్డానికి డబ్బులు అక్కర్లేదు, నా ఓటు దానికే.

ఇప్పుడు జార్జియా. మనోళ్లు దీని గురించి పెద్దగా మాట్లాడుకోరు గానీ మన తెలుగు సినిమాలకి ఇది కొత్త ఊరు కాదు, 2017 సంక్రాంతికి వచ్చిన గౌతమిపుత్ర శాతకర్ణిలో యుద్ధాలు మొరాకోలో, జార్జియాలో తీశారు, సైరా యుద్ధం కూడా జార్జియాలోనే. వెనక కనపడే ఆ పెద్ద కొండలు కాకసస్ పర్వతాలు. రాజధాని టిబిలిసి నుంచి 150 కిలోమీటర్లు ఉత్తరానికి పోతే కజ్‌బెగీ వస్తుంది, 2,170 మీటర్ల ఎత్తులో కొండ మీద ఒంటరిగా గెర్గెటి చర్చి, దాని వెనక మంచు కొండ, ఒక్కసారి చూస్తే అక్కడే ఉండిపోవాలనిపిస్తుంది. ఖర్చు స్విట్జర్లాండ్‌తో పోలిస్తే చాలా తక్కువ, రూము, తిండి, కారు అన్నీ. చీజ్ నింపిన రొట్టె ఖచపురి అని ఉంటుంది, శాకాహారులకి అదీ, రాజ్మాలాంటి లోబియో అనే కూర, ఈ రెండింటితో నెట్టుకురావచ్చు.

మైనస్ ఏందంటే అక్కడ రైలు మీద ఆధారపడలేం, కారు మాట్లాడుకోవాలి, ఘాట్ రోడ్డు, డ్రైవర్లు మన ప్రైవేట్ బస్సు డ్రైవర్లకి తీసిపోరు, చలికాలంలో మంచు జారి పడుతుందని ఆ రోడ్డు మూసేస్తారు కూడా. షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకటే వీసా) పనికిరాని దేశం కాదు, ఉంటే ఇంకా ఈజీ, లేకపోతే ఆన్‌లైన్ వీసా ఉంటుంది. వీసా చేతిలో ఉన్నా ఎయిర్‌పోర్టులో ప్రశ్నలు గట్టిగా వేస్తారు, హోటల్ బుకింగు, రిటర్న్ టికెట్, ఇన్సూరెన్సు అన్నీ ప్రింట్ తీసి చేతిలో పెట్టుకోండి, ఫోన్లో ఉన్నాయిలే అనుకోవద్దు.

పెద్దోళ్లు వెంట ఉంటే స్విట్జర్లాండ్, రోజులు తగ్గించుకోనైనా సరే. ఇద్దరే కుర్రజంట, బడ్జెట్ టైట్, కొంచెం నడవగలరు అంటే జార్జియా. మా వాడికి అదే చెప్పా, వాడి పెళ్లాం మాత్రం ఆ చెక్క రేవు ఫోటో కావాలంటుంది, ఇక వాళ్లు వాళ్లు తేల్చుకోవాలి.

ఫ్రెండ్స్ గ్యాంగ్: స్పెయినా, థాయిలాండా

ముగ్గురు నలుగురు ఫ్రెండ్స్ ఉన్న ప్రతి గ్రూపులో ఒకడు ఉంటాడు, జిందగీ నా మిలేగీ దొబారా చూసినప్పటి నుంచి అందర్నీ స్పెయిన్ పోదాం అని చంపుతుంటాడు. 2011 సినిమా, స్పెయిన్ టూరిజం వాళ్లతో కలిసి తీసింది, దాని తర్వాతే మనోళ్లకి స్పెయిన్ అంటే ఒక దేశం ఉందని గట్టిగా తెలిసింది. తెలుగులో 2013లో ఇద్దరమ్మాయిలతో అనే సినిమా బార్సిలోనా చూపించింది, అంతకుముందే శివాజీలో రజనీకాంత్ తెల్లగా మారిపోయే పాట బిల్‌బావోలో ఆ మెరిసే మ్యూజియం దగ్గర తీశారు.

జిందగీ సినిమా ట్రిప్ బాగా వర్కవుట్ అయ్యేది ఎందుకంటే అందులో నచ్చేది పని, చూసేది కాదు. డైవింగ్, స్కైడైవింగ్, కారు తీసుకోని ఊర్లు తిరగడం, ఇవన్నీ డబ్బు కడితే మనమూ చెయ్యొచ్చు. టమాటాల పండగ ఉంది కదా, అది వాలెన్సియాకి 40 కిలోమీటర్ల దూరంలో బున్యోల్ అనే చిన్న ఊర్లో, ప్రతి ఏడాది ఆగస్టు చివరి బుధవారం. సినిమాలో సీను షూటింగ్ కోసం విడిగా టమాటాలు తెప్పించి తీశారు. అసలు పండగ గంటసేపే, సిగ్నల్ పేలగానే ఆపెయ్యాలి, 2013 నుంచి టికెట్ పెట్టారు, మందిని లిమిట్ చేశారు. టమాటాని విసిరేముందు చేత్తో పిసికి విసరాలి, ఎవరికీ దెబ్బ తగలకూడదని రూలు, పాత చొక్కా, కళ్లద్దాలు, జారని బూట్లు లేకుండా పోతే ఆ ఇరుకు సందులో మోకాలు లోతు రసంలో ఎట్లా నిలబడతారో చూడండి. కిలో టమాటా వంద దాటిన రోజులు చూసిన మన ఇళ్లల్లో ఆడవాళ్లకి ఈ పండగ గురించి చెప్పకపోవడమే మంచిది.

క్లైమాక్స్‌లో ఎద్దుల ముందు పరిగెత్తేది పాంప్లోనాలో, జులై 7 నుంచి 14 దాకా రోజూ పొద్దున 8 గంటలకి. ఒంగోలు గిత్తల బండలాగుడు దగ్గరనుంచి చూసినోడికి ఎద్దు బరువు ఏందో తెలుసు, వాడు పరిగెత్తడు, బాల్కనీ అద్దెకి తీసుకోని పైనుంచి చూస్తాడు. అదే కరెక్టు. జులైలో ఎద్దులు, ఆగస్టు చివర టమాటాలు, ఒక్క ట్రిప్పులో రెండూ కుదరవు, సినిమాలో కుదిరాయి కదా అనొద్దు.

స్పెయిన్‌తో తలనొప్పి వీసా. షెంగెన్ ఫీజు 2024 జూన్ నుంచి పెద్దలకి 90 యూరోలు, సర్వీసు చార్జి వేరే, 30 వేల యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్సు, వేలిముద్రలు. ప్రయాణానికి ఆర్నెల్ల ముందు నుంచి అప్లై చెయ్యొచ్చు, ఎండాకాలంలో అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం. గ్యాంగుకి ఉన్న రిస్కు ఏందంటే నలుగురిలో ముగ్గురికి వచ్చి ఒకడికి రిజెక్ట్ అవుద్ది, ఆ ఒకడే ప్లాన్ మొదలుపెట్టినోడై ఉంటాడు. అకౌంటులో ఏడాదంతా పదివేలుండి అప్లై చేసేముందు మామ దగ్గర తెచ్చి నాలుగు లక్షలు వేస్తే స్టేట్‌మెంట్‌లో అది టార్చ్ లైటు వేసినట్టు కనపడుద్ది. రొయ్యల చెరువులు ఉన్నోళ్లు, వ్యవసాయం వాళ్లు ఐటీ రిటర్నులు వేసి ఉంచుకోండి, ఆదాయం ఉంది అని నోటితో చెప్తే సరిపోదు.

థాయిలాండ్ దీనికి పూర్తి రివర్సు. ఈమధ్య కొన్నేళ్లుగా మనకి వీసా లేకుండానే రానిస్తూ వచ్చారు, పొయ్యేముందు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి, 2025 మే నుంచి అది తప్పనిసరి. వీసా రూల్సు మధ్యలో మారుస్తుంటారు కాబట్టి టికెట్ కొట్టే రోజు ఒకసారి ఎంబసీ సైట్ చూడండి. చెన్నై నుంచి ఫ్లైటు నాలుగు గంటల లోపు. ఇక్కడ సినిమా లొకేషన్లు రెండు ఫేమస్, 1974 నాటి జేమ్స్ బాండ్ సినిమాలో నీళ్లలో నిలువుగా నిలబడ్డ రాయి, ఫాంగ్ ఎన్‌గా బేలో ఉండాది, ఇప్పుడు పడవలు దాని దగ్గరికి పోనియ్యరు, పక్క ద్వీపం నుంచి చూడాలి. రెండోది మాయా బే, 2000లో వచ్చిన ది బీచ్ అనే సినిమా అక్కడే తీశారు డికాప్రియోతో.

మాయా బే సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సినిమా ఒక ఊరికి ఏం చేస్తుందో అక్కడ కళ్లారా కనపడుతుంది. రోజుకి వేలల్లో జనం, ఇసక దాకా వచ్చేసే స్పీడ్ బోట్లు, లంగర్లు తగిలి పగడాలన్నీ పోయాయి. 2018 జూన్‌లో మూసేశారు, 2022 జనవరి దాకా తెరవలేదు. ఇప్పుడు బోటు ముందువైపు రానియ్యరు, ద్వీపం వెనకాల లో సమా బే అనే చోట దింపుతారు, చెక్క బాట మీద చెట్ల మధ్య నడిచి ముందుకొస్తే అప్పుడు ఒక్కసారిగా మూడువైపులా కొండల గోడలు, తెల్ల ఇసక, లేత ఆకుపచ్చ నీళ్లు. ఈత కొట్టకూడదు, మోకాళ్ల దాకా దిగొచ్చు అంతే, ఒడ్డు దగ్గరకే చిన్న షార్కులు మళ్లీ వచ్చి తిరుగుతుండాయి. పార్కు ఫీజు విదేశీయులకి 400 బాత్. ప్రతి ఏడాది ఆగస్టు, సెప్టెంబర్లో మూసేస్తారు. మైపాడులో ఆదివారం సాయంత్రం అలల్లో మునిగి లేచే అలవాటున్నోళ్లకి ఆ మోకాలు రూలు కష్టమే, డైవింగు, స్నార్కెలింగు కావాలంటే అదే టూరులో వేరే ద్వీపాల దగ్గర ఆపుతారు. డైవ్ చేసినాక 18 గంటలు ఫ్లైటు ఎక్కకూడదు, లాస్ట్ రోజుకి పెట్టుకోవద్దు.

గ్యాంగులో అందరికీ శాలరీ స్లిప్పులుండి, పాస్‌పోర్టు మీద ఇంతకుముందు ఒకట్రెండు స్టాంపులుంటే స్పెయిన్ పొండి, దానంత మజా థాయిలాండ్‌లో రాదు, ముక్కుసూటిగా చెప్తుండా. ఒక్కడికైనా డౌట్ ఉంటే థాయిలాండ్. మనిషికి ఫ్లైటుతో కలిపి లక్ష లోపల తేలిపోవచ్చు, స్పెయిన్‌కి దానికి రెండింతల పైమాటే.

ఫ్యామిలీతో ఫస్ట్ టైం: సింగపూరా, మలేషియానా

మన అమ్మానాన్నల తరానికి సింగపూర్ అంటే 1979 నాటి అందమైన అనుభవం అనే సినిమా, కమల్, రజనీ ఇద్దరూ ఆ వీధుల్లో పాడుకుంటూ తిరిగింది. ఆ సింగపూర్ ఇప్పుడు లేదు, ఎత్తు బిల్డింగులు మింగేశాయి, ఆ పాటలు గుర్తుపెట్టుకోని పొయ్యే నాన్నకి ముందే చెప్పి తీసుకపోండి. ఇప్పటిది చూడాలంటే మెరీనా బే, గార్డెన్స్ బై ద బే, న్యూటన్ ఫుడ్ సెంటర్, చివరిది క్రేజీ రిచ్ ఏషియన్స్‌లో వాళ్లు దిగగానే తినే చోటు. క్లీన్, సేఫ్, తమిళం నాలుగు అధికార భాషల్లో ఒకటి, లిటిల్ ఇండియాలో ఇడ్లీకి లోటు లేదు. మనకి వీసా కావాలి, ఏజెంటు ద్వారా పెట్టుకోవాలి, రూము రేట్లు మండిపోతాయి.

మలేషియాకి ఇండియన్లకి 2026 చివరి దాకా వీసా అక్కర్లేదని చెప్పారు, 30 రోజులు. బటు కేవ్స్‌లో 272 మెట్లు, పెద్ద మురుగన్ విగ్రహం, అమ్మమ్మలు ఖుషీ. నేనైతే ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోమని చెప్పను, కౌలాలంపూర్‌లో మూడు రాత్రులు ఉండి బస్సులో సింగపూర్ వచ్చి రెండు రాత్రులు ఉంటే ఖర్చు బాలెన్స్ అవుద్ది, సింగపూర్ వీసా రాకపోయినా ట్రిప్పు ఆగదు.

పిల్లలు ఫ్యాన్స్ అయితే: లండనా, న్యూజిలాండా

కథ మీద పిచ్చి ఉన్నోళ్లకి అసలు ఊరి కన్నా సెట్టే ముఖ్యం. హ్యారీ పోటర్ పిల్లలకి లండన్, వాట్‌ఫర్డ్ దగ్గర స్టూడియో టూర్ 2012లో తెరిచారు, యూస్టన్ స్టేషన్ నుంచి రైలు 20 నిమిషాలు, అక్కడి నుంచి బస్సు. టికెట్లు అక్కడికి పొయ్యి కొనలేరు, ముందే ఆన్‌లైన్‌లో బుక్ చెయ్యాలి, సెలవుల్లో అయితే నెలల ముందే అయిపోతాయి, కాబట్టి స్టూడియో డేటు దొరికినాకే ఫ్లైటు కొట్టండి, చాలామంది ఉల్టా చేస్తారు. ఆ రైలు పోయే రాతి వంతెన గ్లెన్‌ఫిన్నన్ స్కాట్లాండ్‌లో, 21 ఆర్చీలు, లండన్ నుంచి ఒక్కరోజులో పోయిరావడం అయ్యే పని కాదు. యూకే వీసా షెంగెన్‌తో సంబంధం లేకుండా వేరే.

న్యూజిలాండ్‌లో లార్డ్ ఆఫ్ ది రింగ్స్ ఊరు హాబిటన్, మాటమాటా దగ్గర గొర్రెల ఫామ్‌లో ఉండాది, ఆక్లాండ్ నుంచి రెండు గంటల కారు ప్రయాణం. మొదటి సినిమాల టైములో వేసిన సెట్ చాలావరకు తీసేశారు, హాబిట్ సినిమాలకి మళ్లీ గట్టిగా కట్టారు, అందుకే ఇప్పటికీ నిలిచి ఉంది, గుండ్రటి తలుపుల ఇళ్లు 44. గైడుతోనే తిరగాలి. చాలా బాగుంటుంది, కానీ ఈ ఒక్కదాని కోసం అంత దూరం పోతారా? సౌత్ ఐలాండ్ కొండలు, సరస్సులు కూడా కలిపి కనీసం పది పన్నెండు రోజులు పెట్టుకోగలిగితేనే న్యూజిలాండ్, లేదంటే లండన్. మన దసరా సెలవులప్పుడు అక్కడ వసంతం, మన ఎండాకాలం సెలవులకి అక్కడ చలి దిగుతుంటుంది, అది గుర్తుంచుకోండి.

కలల లిస్టు

దిల్‌వాలేలో గెరువా పాట ఐస్‌లాండ్, 2015. నల్ల ఇసక బీచు, పాత విమానం శకలం, 60 మీటర్ల స్కోగాఫోస్ జలపాతం. ఐస్‌లాండ్ షెంగెన్‌లోనే ఉంది, వీసా అదే. నల్ల ఇసక బీచు రెనిస్‌ఫియారాలో అల సడన్‌గా ఒడ్డు మీదికి వచ్చి లాక్కుపోతుంది, ప్రాణాలు పోయాయి, సముద్రానికి వీపు పెట్టి ఫోటో దిగొద్దు, మన కొత్తపట్నం బీచు లెక్క కాదు. జూన్‌లో పోతే రాత్రి చీకటి పడదు, ఆకాశంలో పచ్చ వెలుగులు (నార్తర్న్ లైట్స్) కనపడవు, అవి కావాలంటే సెప్టెంబర్ నుంచి మార్చి మధ్యలో పోవాలి. రేట్లు స్విట్జర్లాండ్ లెవెల్.

మాచుపిచ్చు టైం స్లాట్ టికెట్లతో నడుస్తుంది, ముందు దిగే కుస్కో 3,400 మీటర్ల ఎత్తు, ఎయిర్‌పోర్టులో దిగగానే తల తిరుగుద్ది, ఒకట్రెండు రోజులు ఊరికే కూర్చోవాలి, అసలు మాచుపిచ్చు దానికన్నా కిందే, 2,430 మీటర్లు. రోబోలోనే ఇంకో పాటలో తెల్ల ఇసక దిబ్బల మధ్య నీలం మడుగులు ఉంటాయి, అది బ్రెజిల్‌లో లెన్సోయిస్ మరన్యెన్సెస్, వానలు పడి మడుగులు నిండినాక జూన్ నుంచి సెప్టెంబర్ దాకా బాగుంటుంది, మిగతా టైములో పోతే ఉత్త ఇసకే. ఇంకో విషయం, బ్రెజిల్‌లో మీ ఊరు ఏది అని ఎవరైనా అడిగితే నెల్లూరు అని గట్టిగా చెప్పండి, మన ఒంగోలు జాతి పశువులు అప్పట్లో అక్కడికి ఓడల్లో పొయ్యి ఇప్పుడు ఆ దేశంలో ఎక్కువ మందలు ఆ జాతివే, వాళ్లు దాన్ని పిలిచేది నెలోర్ అని. న్యూయార్క్‌లో మన ఊరి పేరు ఎవడికీ తెలియదు, ఆ మడుగులున్న మరన్యావ్ రాష్ట్రంలో పశువులు కాసుకునే మనిషికి తెలుసు.

ఇవి మొదటి ట్రిప్పుగా ఎవరికీ చెప్పను. ఫ్లైట్లలోనే రెండు రోజులు, సగం లీవు అందులోనే పోతుంది.

సెలవులు, సీజను

మనకి లీవు దొరికేది ఎండాకాలం, దసరా, సంక్రాంతి. మే నెలలో స్విట్జర్లాండ్ కింద పచ్చగా, పైన మంచుతో రెండూ కనపడతాయి, కాకపోతే ఎత్తైన ఘాట్ రోడ్లు కొన్ని ఇంకా తెరవరు. అదే మే నెలలో ఫుకెట్, క్రాబీ వైపు వానలు మొదలైతాయి, సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, బోట్లు క్యాన్సిల్ అవుతాయి, అటువైపు నవంబర్ నుంచి ఏప్రిల్ బెస్టు. ఎండాకాలం సెలవుల్లోనే థాయిలాండ్ పోవాలంటే రెండోవైపు సముద్రంలో కో సముయి చూడండి, అక్కడ గట్టి వానలు అక్టోబర్ తర్వాతే. సంక్రాంతికి సింగపూర్, మలేషియా ఓకే గానీ గొడుగు పెట్టుకోండి, థాయిలాండ్ మాత్రం సూపర్, ఫ్లైటు రేట్లు కూడా అట్లాగే మండిపోతాయి, అందుకే పండగకి ముందే అయిపోయేట్టు లేదా కనుమ దాటినాక చూడండి.

వీసా పనికి మనకి దగ్గర చెన్నైయే, పొద్దున ట్రైన్ ఎక్కితే వేలిముద్రలు వేసి సాయంత్రానికి నెల్లూరులో దిగొచ్చు, ఒంగోలు, మార్కాపురం వాళ్లకి హైదరాబాదు కూడా పోల్చుకోవచ్చు. నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండగలో ఫారిన్ పోవాలని మొక్కి విదేశీ రొట్టె పట్టుకున్నా సరే, స్టేట్‌మెంటు మీద బ్యాంకు సీలు మాత్రం మర్చిపోవద్దు. పాస్‌పోర్టు వ్యాలిడిటీ ఆర్నెల్ల పైన ఉండాలి, పెళ్లయినాక పేరు మార్పు ఉంటే ముందు అది చేసుకోని అప్పుడు టికెట్లు, లేదంటే టికెట్ మీద ఒక ఇంటిపేరు, పాస్‌పోర్టు మీద ఇంకో ఇంటిపేరు. ప్యాకేజీ తీసుకుంటే టీసీఎస్ అని ముందే పన్ను పట్టుకుంటారు, ఆ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, రిటర్న్ వేసేటప్పుడు లెక్కలోకి వస్తుంది. అడక్కపోతే చాలామంది ఏజెంట్లు ఇయ్యరు.